నాలుగో కాగితం

“ఈ సంతకం నాది కాదు.”

పెద్దావిడ ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద తన కళ్లజోడు పెట్టి, కుర్చీలో వెనక్కి వాలింది. ముప్పై నాలుగేళ్లు ప్రసూతి వార్డులో హెడ్ నర్సుగా చేసిన మనిషి. గొంతు పెంచడం ఆవిడకి ఏనాడూ అలవాటు లేదు. పెంచకుండానే వార్డంతా లేచి నిలబడేది.

ఇప్పుడు కొడుకు నిలబడ్డాడు.

“ఇంట్లో ఎవరికి వాళ్లు విడివిడిగా ఫారం నింపి పంపాలన్నారమ్మా. నువ్వు పడుకునున్నావు. లేపడమెందుకని...”

“లేపడమెందుకని నువ్వే నేనైపోయావా?”

కొడుకు బోర్డులు రాసే పెయింటర్. బజారులో ఏ షాపు నెత్తిన చూసినా అతని అక్షరాలే. చీటీ మీద సరుకులు రాసినా, అద్దం మీద ఆవిరిలో వేలితో గీసినా ముత్యాల్లా వస్తాయి. వంకర అక్షరం రాయమంటే అతని చెయ్యి ఒప్పుకోదు. తల్లి రాతేమో కోడి గీతలు. ఆవిడ రాసిన డ్యూటీ చార్టు చదవడానికి వార్డులో ఒక నర్సుని ప్రత్యేకంగా పెట్టుకునేవాళ్లని చెబుతారు. అలాంటి తల్లి పేరు మీద ఫారం నింపుతూ కూడా కొడుకు ప్రతి అక్షరాన్నీ గుండ్రంగా చెక్కాడు. దొంగతనానికి వెళ్లినవాడు గోడ మీద తన పేరు రాసొచ్చినట్టయింది.

కుక్కపిల్లల్ని పెంచి ఇచ్చే ఆవిడ ఆ కాగితాన్ని కవర్లో పెట్టి, సరాసరి పెద్దావిడ పేరు మీద తిప్పి పంపింది. వెంట ఒక చీటీ.

‘అమ్మగారికి నమస్కారం. మీ ఇంటి నుంచి నాలుగు ఫారాలొచ్చాయి. అంత అందంగా ఒకరు రాస్తే సంతోషించాను. ఇద్దరు అచ్చం ఒకేలా రాసేసరికి అనుమానమొచ్చింది. ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా నేను పిల్లనివ్వను. ఆదివారం పదింటికి నలుగురూ రండి. మీరు రాకపోతే వరుసలో తర్వాతివాళ్లని పిలుస్తాను.’

“మూడో ప్రశ్న చదువు,” అంది పెద్దావిడ.

“అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు...”

“చదువు నాన్నా. నేను రాసిందేగా.”

కొడుకు తేలు కుట్టిన దొంగలా కాగితం అందుకున్నాడు.

“పగటిపూట కుక్కపిల్ల దగ్గర ఎవరుంటారు?” గొంతు సవరించుకున్నాడు. “నేను ఉంటాను. నాకు వేరే పనేమీ లేదు.”

వంటింట్లో కుళాయి ఆగింది. అంటే కోడలు వింటోందన్నమాట.

“నాకు వేరే పనేమీ లేదు,” అని పెద్దావిడ ఆ మాటని ఇంకోసారి నెమ్మదిగా పలికింది. “చేపల తొట్టి తెచ్చావు. నీళ్లు మార్చిందెవరు? వ్యాయామం చేస్తానని సైకిలు తెచ్చావు. దాని మీద మీ బట్టలు ఆరేసి, మడతపెట్టిందెవరు? మేడ మీద ఇరవై కుండీలు పెట్టావు. ఎండాకాలమంతా మెట్లెక్కి నీళ్లు పోసిందెవరు? ఇన్ని చేసినా నాకు పనేమీ లేదు.”

“నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు కదమ్మా.”

అనకూడని మాట అనేశాడు. అన్నాక అతనికీ తెలిసింది. ఆవిడ కళ్లజోడు తీసి పెట్టుకుని, వంటింటి వైపు తిరిగింది.

“అమ్మాయ్, నీకు తెలుసా ఈ సంగతి?”

కోడలు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఎదురుగా లారీ వచ్చినా కంగారుపడని మనిషి చేతిలో తాళాలు పెట్టుకుని తాళాల కోసం వెతుకుతోంది.

“అమ్మకి తెలుసు,” అంది మనవరాలు, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. తొమ్మిదేళ్లది. ఇంట్లో దాన్ని గుండుసూది అంటారు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. “నాన్న రాస్తుంటే అమ్మ చూసింది. ‘నేను చూళ్లేదనుకోండి’ అని వెళ్లిపోయింది.”

కోడలు తాళాలు వెతకడం ఆపేసింది.

ఆ ఇంట్లో ఎవరికీ తెలియంది ఒకటుంది. పోయిన బుధవారం పెద్దావిడ పార్కుకని చెప్పి, తను పనిచేసిన ఆసుపత్రికి వెళ్లొచ్చింది. కొత్తగా చేరిన నర్సులకి కాన్పుల పని దగ్గరుండి నేర్పడానికి రమ్మన్నారు. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా, సోమవారం నుంచి. ఆ ఉత్తరం బీరువాలో, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చీర మడతల్లో ఉంది. రాత్రి భోజనాల దగ్గర చెబుదామనుకుంది. నోరు తెరిచేలోపే కొడుకు లాబ్రడార్ ఫొటోలు చూపించడం మొదలుపెట్టాడు. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడు మనవరాలు కుక్కపిల్లకి పేర్లు వెతికింది.

ఆవిడకి కుక్కంటే కోపం లేదు. ఇంట్లోవాళ్ల మీద కూడా కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. ‘సోమవారం నువ్వేం చేస్తున్నావమ్మా?’ అని ఒక్కరు అడిగితే చెప్పేద్దామని నాలుగు రోజులుగా ఎదురుచూస్తోంది. ఎవరూ అడగలేదు. అడక్కపోగా, జవాబు కూడా రాసేశారు.

“పదింటికి కదా? వస్తున్నాను,” అంది లేస్తూ.

కొడుకు మొహం వెలిగింది. “నిజంగానా అమ్మా?”

“సంబరపడకు. కుక్కని తెచ్చుకోడానికి కాదు. నా సంతకం తెచ్చుకోడానికి.”

* * *

ఆదివారం కారు కోడలే నడిపింది. పక్కన మొగుడు కుక్కిన పేనులా కూర్చున్నాడు. వెనకాల నానమ్మా, గుండుసూదీ.

మూడో సిగ్నల్ దగ్గర కోడలు అద్దంలోంచి అత్తగారి వైపు చూసింది.

“నాకు తెలుసు అత్తయ్యా. ఆయన రాస్తుంటే చూశాను. ఆపలేదు. తప్పు నాది కూడా.”

“ఎందుకాపలేదు?”

“మీరు కాదంటే, పగలు ఎవరుండాలన్న మాట నా మీదికొస్తుందని.”

కొడుకు ఉలిక్కిపడి భార్య వైపు తిరిగాడు. “ఇదేంటి, నాతో అలా చెప్పలేదే?”

“మీరు సీటు బెల్టు పెట్టుకోండి ముందు.”

పెద్దావిడ కిటికీ దించి బయటికి చూసింది. కోడలి మీద కోపం రావలసిందే కానీ రాలేదు. రెండు రోజుల్లో ఆ కుటుంబంలో పెద్దవాళ్లు చెప్పిన మొదటి నిజం అదే.

“పచ్చ పడిందమ్మాయ్, పోనీ,” అంది.

* * *

కుక్కలావిడ వాళ్లని గేటు దగ్గరే ఆపేసింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, భుజం మీద తువ్వాలు, మాటలో తొందర లేదు. చెప్పులు బయట వదిలి, ఆవిడిచ్చిన చెప్పులేసుకుని, కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాకే లోపలికి రానిచ్చింది. కొడుకు ఒక్క చెయ్యి కడిగి మమ అనిపించబోతే, “రెండోది కూడా,” అంది పెద్దావిడా, కుక్కలావిడా ఒకేసారి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

ముందు పిల్లల్ని చూపించలేదు. తల్లికుక్కని బయటికి వదిలింది. లేత గోధుమ రంగు తల్లి నలుగురినీ తీరిగ్గా వాసన చూసి, గుండుసూది చేతిని నాకి, పోయి గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

“తల్లిని చూపించనివాళ్ల దగ్గర పిల్లని కొనకండి. నా దగ్గర కాకపోయినా ఎక్కడైనా సరే,” అంది కుక్కలావిడ.

పెద్దావిడ అప్పటికే వంగి తల్లి పక్కటెముకల మీద వేళ్లు నడిపిస్తోంది.

“ఎన్నో కాన్పు?”

“రెండోదండి.”

“మొదటిదానికీ దీనికీ ఎంత ఎడం?”

“ఏడాదిన్నర. ఇంకొక్కటి, అంతే. తర్వాత నా దగ్గరే ఉండిపోతుంది.”

“తండ్రేడీ?”

“వేరే ఊళ్లో. ఇవిగో ఇద్దరివీ తుంటి ఎక్స్‌రేలు, కళ్ల పరీక్షలు.”

గోడకి ఒక చార్టు వేలాడుతోంది. ఆరు పిల్లలు, మెడలో ఆరు రంగుల ఊలు దారాలు, పుట్టినరోజు నుంచి రోజూ తూచిన బరువులు. పెద్దావిడ వేలితో ఒక్కొక్క వరుసా చూసుకుంటూ వెళ్లి, పసుపు దగ్గర ఆగింది.

“నాలుగోరోజు తగ్గింది ఇది.”

“తగ్గిందండి. మిగతావాటిని పక్కకి తీసి, దీన్ని విడిగా తల్లి దగ్గర పెట్టాను. రెండు గంటలకోసారి.”

“ఎన్నాళ్లు?”

“అయిదు రోజులు.”

పెద్దావిడ తల ఊపింది. ఇంట్లోంచి బయల్దేరినప్పటి మొహం కాదది. బరువుల చార్టు ముందు ఇలా నిలబడి ఏడేళ్లయింది ఆవిడకి, రిటైరయినప్పటి నుంచీ.

తలుపు తియ్యగానే ఆరు పిల్లలూ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చాయి. అన్నిటికన్నా ముందు ఎర్రదారం పిల్ల. వచ్చీ రాగానే కొడుకు ప్యాంటు అంచు పట్టుకుని లాగింది.

“ఇదే! నన్నే ఎంచుకుంది చూశారా?” అన్నాడు కొడుకు. చిన్నపిల్లాడి కన్నా కనాకష్టం.

“నిన్న వచ్చినవాళ్ల దగ్గరికీ ఇలాగే వచ్చింది. మొన్న గ్యాసు సిలిండర్ తెచ్చినతని దగ్గరికీ,” అంది కుక్కలావిడ. “దానికి పొద్దునా సాయంత్రం పరిగెత్తించే మనిషి కావాలి. మీ ఇంట్లో పరిగెత్తేదెవరు?”

“నాన్న వ్యాయామం సైకిలు మీద బట్టలారేస్తాం,” అంది గుండుసూది.

కుక్కలావిడ నవ్వలేదు. అల్మరాలోంచి ఒక స్టీలు పళ్లెం తీసి, పిల్లల వెనకాల గచ్చు మీద దభాలున పడేసింది. కొడుకు ఎగిరిపడ్డాడు. పిల్లలు చెల్లాచెదురయ్యాయి. రెండు తల్లి దగ్గరికి, ఒకటి బల్ల కిందికి పారిపోయాయి. నీలందారం పిల్ల చెత్తబుట్ట చాటుకి పోయింది. ఎర్రదారం పిల్లకి ఆ చప్పుడే పట్టలేదు, ప్యాంటు వదల్లేదు. పసుపుదారం పిల్ల మాత్రం నాలుగడుగులు వెనక్కి పరిగెత్తి, ఆగి, కాసేపు ఆలోచించి, మళ్లీ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పళ్లెం దగ్గరికొచ్చి వాసన చూసింది.

“ఇది,” అంది పెద్దావిడ.

“నేనూ దీన్నే అనుకున్నాను మీకు,” అంది కుక్కలావిడ. “భయపడుతుంది, కానీ తిరిగొస్తుంది. బడికెళ్లే పిల్ల ఉన్న ఇంటికి ఇలాంటిదే సరి.”

గుండుసూది నేల మీద కూర్చుని పసుపుదారం పిల్లని ఒళ్లోకి తీసుకుంది. అది రెండుసార్లు తిరిగి, చుట్టుకుని, కళ్లు మూసుకుంది. ఏనాడూ నోరు మూయని పిల్ల ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చుకుంటోంది. తల ఎత్తి నానమ్మ వైపు చూసింది. అడగలేదు, చూసిందంతే. పెద్దావిడకి తెలుసు. ఇప్పుడు తను రాయబోయేది ఆ ఒళ్లో ఉన్నదాన్ని తీసేసుకోవచ్చు. రాయకపోతే సోమవారం పోతుంది.

“అమ్మగారూ,” అని కుక్కలావిడ ఖాళీ ఫారం ఒకటి ముందు పెట్టింది. “ఆ గదిలో కూర్చుని రాయండి. ఎవరూ రారు.”

* * *

పావుగంట తర్వాత పెద్దావిడ బయటికొచ్చింది. కుక్కలావిడ కాగితం అందుకుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది.

“ఏమనుకోకండి. ఇది మీ రాతే అన్న దాంట్లో నాకు అనుమానం లేదు. కానీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మీరే చదివి పెట్టండి.”

అందరి ముందూ చదవాల్సొస్తుందని పెద్దావిడ అనుకోలేదు. కాగితం వెనక్కి తీసుకుంది.

“కుక్కపిల్ల రావడం మీకిష్టమేనా? ఇష్టమే.”

కొడుకు ఊపిరి వదిలాడు.

“పెంచలేని పరిస్థితి వస్తే, ఎంత వయసొచ్చినా సరే మాకే తిరిగిస్తారా? ఇస్తాం. పగటిపూట కుక్కపిల్ల దగ్గర ఎవరుంటారు?” ఆవిడ ఒక్క క్షణం ఆగింది. “ఎవరూ ఉండరు. నా కోడలికి ఉద్యోగం. నా కొడుక్కి షాపు. నాకు రేపటి నుంచి ఆసుపత్రిలో పని. ఒప్పుకుని వచ్చాను.”

కొడుకు ఒక అడుగు ముందుకేశాడు.

“ఆసుపత్రిలోనా? ఎప్పుడు ఒప్పుకున్నావు? మాతో ఒక్క మాట చెప్పొద్దా అమ్మా?”

“నా ఫారం నింపేటప్పుడు నాతో ఒక్క మాట చెప్పావా నాన్నా?”

కుక్కలావిడ మధ్యలోకి వచ్చింది. ఆవిడ మాటల్లో కటువు లేదు, మొహమాటమూ లేదు.

“చూడండి బాబూ. మొదటి మూడు వారాలు పగలు మనిషి లేని ఇంటికి నేను పిల్లనివ్వను. మీ దగ్గర బయానా కూడా అందుకే తీసుకోలేదు. మీ మూడు ఫారాల్లోనూ మీ అమ్మగారి పేరే ఉంది. ఆవిడేమో ఎవరూ లేరంటున్నారు. నేను నమ్మేది ఆవిణ్ణి. ఇంకో జవాబుంటే చెప్పండి, లేకపోతే లేదు.”

తల్లికుక్క గుమ్మం దగ్గర పక్కకి ఒత్తిగిల్లింది.

కొడుకు తల్లి వైపు చూశాడు. అలవాటు. చిన్నప్పుడు లెక్క రాకపోయినా, పెద్దయ్యాక బిల్లు దొరక్కపోయినా అటే చూసేవాడు. ప్రతిసారీ జవాబు అక్కడే దొరికేది. ఈసారి తల్లి గోడ మీది చార్టు చూస్తోంది. నా పని అయిపోయింది అన్నట్టు నిలబడింది.

అతను కూతురి ఒళ్లో నిద్రపోతున్నదాన్ని చూశాడు.

“నా ఫారమూ, ఒక పెన్నూ ఇవ్వండి,” అన్నాడు.

మూడో ప్రశ్న ఎదురుగా ఉన్న తల్లి పేరు కొట్టేసి, ఒకే మాట రాశాడు. నేను.

“షాపు?” అంది భార్య.

“గీతలు గీసుకోవడం, కొలతలు వేసుకోవడం ఇంట్లోనే చేసుకుంటా. రంగులేమో మధ్యాహ్నం షాపులో. ఆ వాసన పిల్లకి మంచిది కాదు కూడా.”

కోడలు కాసేపు ఆలోచించింది. పెన్ను లాక్కుని కింద ఇంకో వరుస రాసింది. “రెండింటి నుంచి నేను. ఆ క్లాసులు సాయంత్రానికి జరుపుకుంటాను. ఇది నిజంగానే రాస్తున్నాను అత్తయ్యా, మొహమాటానికి కాదు.”

పెద్దావిడ కాగితం తీసుకుని చూసింది. కొడుకు రాసిన ‘నేను’ ఒక పక్కకి ఒరిగి, కొమ్ము జారి, వంకరగా ఉంది. ఆ చేతి నుంచి అలాంటి అక్షరం ఆవిడ ఎన్నడూ చూడలేదు. దాని మీద ఒకసారి వేలు పెట్టింది.

“ఇప్పుడు నీ ఫారం మీద నువ్వు సంతకం పెడితే అయిపోతుందమ్మా,” అన్నాడు కొడుకు.

పెద్దావిడ కోడలి చేతిలోంచి పెన్ను తీసుకుని, క్యాపు పెట్టేసింది.

“పిల్లకి ఎనిమిది వారాలు ఎప్పుడు నిండుతాయి?”

“వచ్చే ఆదివారం. అప్పటిదాకా తల్లి దగ్గరనించి కదల్చను,” అంది కుక్కలావిడ.

“అయితే నా సంతకం కూడా ఆదివారమే. ఈ వారం పొద్దున్నుంచి రెండింటి దాకా వీడు గడప దాటకుండా ఇంట్లో ఉండాలి. ఉంటే పెడతాను.”

“కుక్క లేకుండానా?” కొడుకు నోరు తెరిచాడు.

“ఒట్టి ఇంట్లో ఉండలేనివాడు కుక్కతో ఉంటాడా? ఆ పాత సంతకం మీ ఎదురుగానే చింపేస్తున్నానమ్మా,” అని కుక్కలావిడతో అని, దొంగ ఫారాన్ని నిలువునా రెండుగా చించింది.

కుక్కలావిడ మొదటిసారి నవ్వింది. చార్టులో పసుపు వరుస చివర పెన్సిల్‌తో రాసుకుంది: ‘ఆదివారం దాకా ఎవరికీ చూపించను.’ కింద ఇంకో ముక్క కూడా రాసింది. ‘ఆ తర్వాత చూపిస్తాను.’

“ఈ వారమంతా నాన్న మీద నేను కన్నేసి ఉంచుతాలే నానమ్మా,” అంది గుండుసూది.

“నువ్వు రేపు బడికి పో,” అన్నారు ముగ్గురూ.

* * *

సోమవారం పొద్దున ఏడున్నర.

తెల్ల చీర కట్టుకుని, చేతికి పాత వాచీ పెట్టుకుని పెద్దావిడ వరండాలోకి వచ్చింది. గుండుసూది బడి బస్సెక్కేసింది. కోడలు ఏడింటి క్లాసుకి వెళ్లిపోయింది. కొడుకు బల్ల మీద తెల్లకాగితం పరుచుకుని, స్కేలుతో గీతలు గీస్తున్నాడు.

“వెళ్లొస్తా నాన్నా.”

“మంచిదమ్మా. జాగ్రత్త.”

ఆవిడ గేటు దాకా వెళ్లేసరికి లోపల ఫోను మోగింది.

కొత్తగా పెడుతున్న బట్టల షాపు యజమాని గొంతు స్పీకర్లో గేటు దాకా వినిపించింది. తొమ్మిదింటికల్లా వచ్చి కొలతలు తీసుకోవాలట. బోర్డు చాలా పెద్దదట. రాలేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాడట. “పది నిమిషాల్లో చెబుతానండి,” అన్నాడు కొడుకు. ఫోను పెట్టేసి, కిటికీలోంచి తల్లి వైపు చూశాడు. ‘ఈ ఒక్కపూటకి’ అన్నట్టుంది ఆ చూపు.

‘వెళ్లు నాన్నా, నీ బదులు నేనుంటాలే.’ ఆ మాట పెద్దావిడ నాలుక చివరి దాకా వచ్చేసింది. నలభై ఏళ్లుగా ఆ నాలుకకి అది బాగా అలవాటైన మాట. పైగా ఒక్కరోజు ఆలస్యంగా వెళితే ఆసుపత్రివాళ్లు ఏమీ అనరు. కొడుకు సంపాదన చెడగొట్టిన తల్లి కాకుండా పోతుంది. ఈ ఒక్కపూట లెక్కలోకి తీసుకోకపోతే మనవరాలికి కుక్కా దక్కుతుంది.

ఆవిడ ఆ మాటని మింగేసింది.

గేటు బయటికొచ్చి, గడియ పెట్టి, బస్టాపు వైపు నడిచింది. ఇంట్లో ఫోను మళ్లీ మోగడం మొదలుపెట్టింది. ఆవిడ వెనక్కి తిరగలేదు.